ఒక వరుస ఖాళీ

మొన్న మా గుడికి బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. కుర్రవాడే, మంచి గొంతు. ప్రసంగం మధ్యలో ఆగి, "బైబిలు దేవుడే రాయించాడని మీరెందుకు నమ్ముతున్నారు? చేతులెత్తి చెప్పండి" అన్నారు. చెప్పడానికి మావాళ్లకి కొరవేముంది. ప్రవక్తలు ముందే చెప్పినవి తరవాత నెరవేరాయి గనక అన్నారు ఒకరు. గొర్రెలు కాసేవాడూ రాజూ చేపలు పట్టేవాడూ వేర్వేరు కాలాల్లో రాసినా కథ ఒక్కటిగా నడిచింది గనక అన్నారు ఇంకొకరు. ఎన్నిసార్లు తగలబెట్టినా మిగిలింది గనక అన్నారు మరొకరు. అన్నీ సరైన జవాబులే. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినదాన్ని. కంఠస్థం వచ్చిన జవాబు వినబడితే నా చెయ్యి పూర్తి మార్కులు వేసేసి తరవాతి పేపరు తీస్తుంది. ఆ పూట కూడా మనసులో అందరికీ మార్కులు వేసేశాను గాని, చెయ్యి మాత్రం ఎత్తలేదు. నాకు గుర్తొచ్చిన జవాబు నాది కాదు. రెండేళ్ల కిందట పోయిన ఒక కొబ్బరి దింపు మనిషిది.

దింపు అంటే చెట్టెక్కి కాయలు కోసి దించే పని. జీవితమంతా అదే చేసి, మోకాళ్లు అరిగాక బైబిలు మొత్తం చేత్తో రాసిన మనిషి ఆయన. చివర పేరు రాయమంటే "నాదేముందండి ఇందులో" అని పెన్ను మూసేశారు. ఆయన పెట్టని పేరు నేను పెట్టడం బాగుండదు. మా పేటలో అందరికీ ఆయన బాబాయిగారు, ఇక్కడా అదే చాలు.

చెట్టెక్కే ముందు ఆయన కాండం మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవారు, గేదెను తట్టినట్టు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "చెప్పాపెట్టకుండా మీదెక్కితే ఎవరికైనా కోపం వస్తుందండి" అనేవారు. పైకి వెళ్లాక గెల నరికే ముందు కిందకి వంగి, "కాస్త తప్పుకోండమ్మా, పడేస్తన్నానండి" అని కబురు చెప్పేవారు. నెత్తి మీద పడితే ప్రాణం పోయే వస్తువు గురించి చెప్పేటప్పుడూ అండీ వదలరు మా వాళ్లు. దిగాక కాలవలో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అవి పూర్తిగా ఆరేదాకా గాల్లో ఆడిస్తూ నడిచేవారు. తడి చేత్తో బైబిలు ముట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. మిగతా అన్ని విషయాల్లోనూ ఎంత సర్దుబాటు మనిషో, ఈ ఒక్కదాంట్లో అంత పట్టింపు.

ఆయనకు అక్షరాలు వచ్చింది నలభయ్యో ఏట, మా అమ్మ దగ్గర. మా అమ్మ సండేస్కూలు టీచరు. పెద్దవాళ్లకు చెప్పడానికి వేరే వాచకం లేక బైబిలుతోనే మొదలుపెట్టింది. దాంతో తెలుగంటే అదే తెలుగు అని ఆయన నిశ్చయం. పేపరు చేతికిస్తే వర్షసూచన కూడా కీర్తన చదివినట్టు సాగదీసి చదివేవారు. వృద్ధాప్య పింఛను కోసం మండలాఫీసుకి అర్జీ రాసి నాకు చూపించారు. "నా మొర నాలకింపుము, నీ దాసుని మోకాళ్లు బలహీనమాయెను" అని మొదలైంది. మార్చి రాస్తానన్నాను, ఒప్పుకోలేదు. ఆఫీసులో గుమాస్తాగారు దాన్ని పైకి చదివి, నవ్వి, నిలబడి మరీ తీసుకున్నారట. "చూసేరా, పనిచేసింది" అని నా మీద ఏడాదిపాటు గెలుపు చూపించుకున్నారు.

ఇంకో అలవాటుండేది. బైబిల్లో ఉన్నవాళ్లందరికీ ఆయన గారు తగిలించేవారు. మోషేగారు, పౌలుగారు, సారమ్మగారు. ప్రభువును అప్పగించిన యూదాను కూడా వదల్లేదు. "ఆయనకెందుకండీ గారు" అని వాళ్లావిడ, అంటే మా పిన్నిగారు, చాట చెరుగుతూ విసుక్కుంటే, "వయసులో మనకంటే పెద్దోడు కదా" అనేవారు.

ఆయనకు అక్షరాలొచ్చిన కొత్తలో నాకు ఇరవై రెండేళ్లు. అప్పుడే బీఈడీ చేసి వచ్చాను. నాలుగు పుస్తకాలు చదివేసరికి ప్రతిదాన్నీ ప్రశ్నించాలనే దురద పుట్టింది. మా తెలుగు బైబిల్లో లేఖనాలు దైవావేశం వల్ల కలిగాయని ఒక మాట ఉంది. ఆ మాట పట్టుకుని ఆయన మీదకి వెళ్లాను. కొత్తగా అక్షరాలు నేర్చిన మనిషిని నిలదీయడానికి నాకు అప్పుడు సిగ్గు కూడా వెయ్యలేదు.

"దైవావేశం అంటే పూనకం లాంటిదా బాబాయిగారూ?"

ఆయన కొబ్బరీనెలు చీరి చీపురు కడుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"కాదండి. జాతరలో నేను పూనకాలు చూసేనండి. మా పక్కింటి అప్పకే వచ్చేది. దిగేక అడిగితే ఏం పలికేనో తెలీదనేది. ఈ రాసినోళ్లకి అన్నీ తెలుసండి. లూకాగారు చూడండి, అందర్నీ అడిగి తెలుసుకుని మరీ రాస్తన్నానన్నారు. పౌలుగారు జైల్లోంచి ఉత్తరం రాస్తా, ఫలానా ఊళ్లో నా అంగీ వదిలేసొచ్చేను, వచ్చేటప్పుడు పట్టుకురా అన్నారు. చలికాలం రాకముందే రమ్మన్నారు."

"దేవుని వాక్యంలో అంగీ సంగతెందుకండీ మరి?"

"అదే కదండీ. రాసినాయనకి చలేసింది. రాయించినాయన ఆ ముక్క కొట్టెయ్యలేదు."

నేను ఓడిపోతే ఊరుకునే రకం కాదు. మనుషులు రాసుకున్నదే కదా అని వాదిస్తూనే ఉన్నాను. ఆ ఏడు మా గుడికి జూబిలీ జరిగింది. మా పెద్దల చరిత్రతో సావనీరు వేశారు. అందులో మా తాతగారి ఫొటో కింద "ఆది నుండియు భక్తిపరులు" అని ఉంది. మా తాతగారు కల్లు మానడానికి మా మామ్మ ఎంత ఏడ్చిందో పేటంతా ఎరుగును. ఆయన ఒక కామందు దగ్గర పాలేరుగా బతికారనే ముక్క కూడా అందులో లేదు. ఆ మాట మా ఇంట్లోనే పైకి రాదు. మాకు ఉద్యోగాలొచ్చాయి, డాబా వచ్చింది, ఆ మాట పోయింది. బాబాయిగారు సావనీరు వేలితో కూడబలుక్కుని చదివి నా చేతిలో పెట్టారు.

"మనం రాసుకుంటే ఇలాగ ఉంటుందండి. బైబిల్లో చూడండి, దావీదుగారు ఒకాయన భార్యని తెచ్చుకుని ఆయన్ని చంపించిన పని దాచలేదు. పేతురుగారు కోడి కూసేలోపల మూడుమాట్లు ప్రభువెవరో నాకు తెలీదన్నారు, అదీ దాచలేదు. సొంతోళ్ల తప్పు సొంత పుస్తకంలో ఎవరు రాసుకుంటారండీ, పైవాడు పక్కన కూచుంటే తప్ప."

ఆ వయసులో నేను ఒప్పుకోలేదు. నచ్చిందని మాత్రం అనుకున్నాను. ఒప్పుకోవడానికీ నచ్చడానికీ మధ్య నాకు చాలా ఏళ్లు పట్టింది.

డెబ్భయి దగ్గరపడ్డాక డాక్టరు చెట్టెక్కొద్దన్నారు. నెల తిరక్కుండా ఆయన అమలాపురం వెళ్లి లాంగ్ నోటు పుస్తకాలు, నీలం పెన్నులు తెచ్చుకుని బైబిలు మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టారు. పద్ధతి ఆయనదే. వాక్యం ఒకసారి పైకి చదవడం, దాని మీద పాత శుభలేఖ ఒకటి కప్పెయ్యడం, గుర్తున్నది రాయడం, శుభలేఖ తీసి సరిచూసుకోవడం. చూస్తూ రాస్తే పోదా అని అడిగాను. "చూసి రాస్తే కళ్లలోంచి చేతిలోకి పోతుందండి. మధ్యలో నాకేం తగల్దు" అన్నారు.

దిద్దే పని నాకు అప్పగించారు. ఎర్ర సిరా వద్దు, పెన్సిలే వాడమన్నారు. నేను బడి పేపర్లతో పాటు ఆయన పుస్తకాలూ దిద్దుకుంటూ వచ్చాను. ఒకే మాటతో ముగిసే రెండు వరుసలుంటే ఒకటి ఎగిరిపోయేది. ఒక్కోచోట రెండుసార్లు రాసేవారు. ఇవి ఎవరైనా చేసే తప్పులే. కాని ఆయన అలవాటు చొప్పున రాతలోనూ అందరికీ గారు పెట్టేశారు. నిర్గమకాండంలో మోషేగారు ఎన్ని చోట్ల ఉన్నారో అన్ని చోట్లా గారు కొట్టేసేసరికి నా పెన్సిల్ అరిగిపోయింది. దేవుడు పిలిస్తే బాల సమూయేలు పలికే చోట "ఆయ్, చెప్పండి" అని ఉంది. నేను పక్కనే ఎవరూ లేకపోయినా గట్టిగా నవ్వాను. కోనసీమలో పెద్దవాళ్లు పిలిస్తే పిల్లాడు ఇంకేమని పలుకుతాడు. కొట్టేసిన వాటన్నిటికీ ఆయన తల ఊపి, ఒక్కచోట బతిమాలారు.

"అబ్రాహాముగారికైనా ఉంచండి టీచరుగారూ. చాలా పెద్దాయన."

ఉంచలేదు. ఉంచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

పని సువార్తలు దాటేసరికి ఆయన కళ్లు మసకబారాయి. శుక్లాలు తీయించినా ఒక కన్ను నిలబడలేదు. అప్పుడు ఆయన మనసులో ఉన్న కోరిక బయటపెట్టారు. కోతపండుగనాడు మా గుడికి అందరూ తమ పంటలో మొదటిది పట్టుకెళ్తారు. ధాన్యం, అరటిగెల, కోడి, కొబ్బరికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎక్కే రోజుల్లో ఆయన గెల మోసుకెళ్లేవారు. ఈసారి ఈ పుస్తకాలు పట్టుకెళ్లి పాస్టరుగారి ముందుండే బల్ల మీద పెట్టాలి, ఆ ఆదివారం వాక్యపఠనం ఈ రాతలోంచే జరగాలి. "వేలంలో పెట్టరు కదండీ" అని ఒక్కటే అనుమానం.

మేము పాస్టరుగారిని అయ్యగారంటాం. కొత్తగా వచ్చిన అయ్యగారు మంచివారు, చిన్నవారు, జాగ్రత్త మనిషి. ఆయన ఆలోచించి చెప్పారు.

"సంతోషంగా చదివిద్దామండి. కాని తప్పులున్నదాన్ని ఇది దేవుని వాక్యం అని బల్ల మీద నుంచి ఎలా చదువుతామండీ? టీచరుగారు మొత్తం చూసి సరిగ్గా ఉందని చెప్తే చాలు."

అలా ఆయన తొమ్మిదేళ్ల పని నా ఒక్క మాట మీదకి వచ్చింది. నాకు ఆ బరువు ఏమీ నచ్చలేదు.

చివరి కట్టలో ఉత్తరాలున్నాయి. పేతురు మొదటి ఉత్తరం రెండో అధ్యాయంలో ఒకచోట వాక్యం అంకె వేసి ఉంది, పక్కన వరుసంతా ఖాళీ. ఎగిరిపోయిందనుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టి పంపాను. పుస్తకం తిరిగొచ్చింది. మిగతా గుర్తులన్నీ దిద్దారు, ఆ వరుస ఖాళీగానే ఉంది. ఆ వాక్యం ఏమిటో అప్పుడు తీసి చూశాను. పనివాళ్లు యజమానులకు లోబడి ఉండాలి, మంచివాళ్లకే కాదు, ముక్కోపులకు కూడా అని దాని సారాంశం.

ఆయనింటికి వెళ్లాను. పిన్నిగారు అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. ఆయన నోటు పుస్తకం మూసే ఉంది.

"మర్చిపోలేదండి" అన్నారు, నేను అడక్కుండానే. "చెయ్యి రాలేదండి."

మూసిన పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పారు. ఆయన తండ్రి కూడా పాలేరే. ఒక వర్షాకాలం గట్టు తెగి చేలో నీళ్లు పోయినందుకు కామందు చెర్నాకోల తీసుకుని కొట్టాడు. ఈయనకి అప్పుడు ఎనిమిదేళ్లు, గడ్డివామి పక్కన నిలబడి చూశారు. కొట్టడం అయ్యాక తండ్రి మళ్లీ అదే గట్టు వెయ్యడానికి వెళ్లాడట.

"తరవాత ఎన్నేళ్లయినా, నీళ్లు పోసుకునేటప్పుడు వీపు రుద్దమనేవోడండి. ఆ చారలు నా చేతికి తగిలేవి. ఈ చేత్తోటే ఆ ముక్క రాయమంటే ఎలాగండీ?"

నాకు మా తాతగారి వీపు గుర్తుకు రావడానికి కూడా లేదు. నేనెప్పుడూ చూడలేదు. మేం చూడకుండా చేసుకున్నాం. ఆ సిగ్గులో తొందరపడి అన్నాను.

"రాసెయ్యండి బాబాయిగారూ. మీ మాట కాదు కదా, నకలే కదా."

"నకలైతే జిరాక్సు తీయించేవోణ్ణండి."

"పోనీ నేను రాస్తాను. ఒక్క వరసే కదా."

"వద్దండి. ఇందులో నేను రాయలేనిదొకటి ఉందనుకోండి, అప్పుడు రాసినవన్నీ నాకు నచ్చినవే అయిపోతాయి. నాకు నచ్చినవే ఏరుకుంటే ఇది దేవుడి పుస్తకం ఎందుకవుతుందండీ, నాదవుతుంది. తీసెయ్యలేదు. చోటుంచేను. చూద్దారి."

కోతపండుగ రెండు నెలల్లో ఉంది. అయ్యగారు దారిలో కనబడి "అయిందాండీ" అని అడిగినప్పుడల్లా, "ఒక్క వరస ఉందండి" అని చెప్పేదాన్ని. ఆయన అదేదో చిన్న పనిలే అన్నట్టు నవ్వి వెళ్లిపోయేవారు. నేను ఇంటికొచ్చి క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ వరుస వదిలేసి సరిగ్గా ఉందని అబద్ధం చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను. ముప్పై ఏళ్ల టీచరు ఉద్యోగంలో ఒక్క తప్పుడు మార్కు వెయ్యని దాన్ని.

ఒక శనివారం పొద్దున్న ఆయనే మా ఇంటికి వచ్చారు. పుస్తకం తువ్వాలులో చుట్టి ఉంది. ఆ వరుస నిండి ఉంది. పెన్ను ఎంత నొక్కి రాశారంటే కింది కాగితం మీద కూడా అక్షరాలు దిగాయి. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి చెప్పారు.

"ఆ వాక్యం దగ్గరే మనసాగిపోయి కింద ఏముందో సరిగ్గా పట్టించుకోలేదండి నేను. దీని మీద కోపంతో కిందివన్నీ శుభలేఖ కప్పకుండా చూసి రాసేసేను, నాకేం తగల్లేదు. నిన్న నిదానంగా చదివేను. ఆ కొట్టే యజమాని గురించి ఇంకొక్క ముక్క చెప్పలేదండి పేతురుగారు. ఊరికే దెబ్బలు తిన్న పనోడి గురించి చెప్తా చెప్తా, ప్రభువు కూడా ఇలాగే తిన్నారు, ఆయన గాయాలే మనకి మందు అన్నారు. ప్రభువుని తీసుకెళ్లి కామందు పక్కన నిలబెట్టలేదండి. మా నాన్న పక్కన నిలబెట్టేరు."

నేను పుస్తకం తెరిచి ఆ కింది వరుసలు మళ్లీ చదివాను.

"కోపం పోయిందా అంటే పోలేదండి. ఆ కామందు చేసింది రైటని నాకెవరు చెప్పినా ఒప్పుకోను. కాని నేను రాసుకుంటే మా నాన్న పక్కన ఎవర్ని పెట్టాలో నాకు తోచేది కాదు. నాతో దెబ్బలాడే పుస్తకం నాది కాదు కదండీ. నాకంటే పెద్దాయనదే."

ఇరవై రెండేళ్ల వయసులో అడిగిన ప్రశ్నకి నాకు అప్పుడు జవాబు దొరికింది. ఎవరైనా దీన్ని పేపరు మీద రాస్తే నేను మార్కులెలా వేస్తానో నాకు తెలియదు. ఆ శనివారం మాత్రం ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఒప్పుకుంటూనే ఉన్నాను, అందుకు నాకు సంతోషంగా ఉంది.

కోతపండుగనాడు అరటిగెలల పక్కన, కాళ్లు కట్టిన రెండు కోళ్ల పక్కన ఆయన పుస్తకాల కట్టలు పెట్టారు. అయ్యగారు నా వైపు చూస్తే తలాడించాను. ఏ భాగం చదవాలో ఆయన్నే ఎంచుకోమన్నారు. బాబాయిగారు ఉన్న ఒక్క కంటికీ దగ్గరగా ఆ చివరి కట్ట పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డారు. పేతురు ఉత్తరం తీశారు. గుడి నిండా మా వాళ్లమే. టీచర్లు, బ్యాంకు వాళ్లు, నర్సులు, ఒక తాసీల్దారు. ఎవరి తాత పాలేరు కాదో వెతుక్కోవాలి.

ఆ వాక్యం మొదలుపెట్టారు. యజమానులు అనే మాట దాకా వచ్చి ఆగిపోయారు. పేజీ మీద వేలు అలాగే ఉంది. అయ్యగారు సాయం చెయ్యడానికి ఒక అడుగు ముందుకు వేసి, ఎందుకో ఆగారు. మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్న ఒకాయన తల దించేసుకున్నారు.

ఆడవాళ్ల వైపు నుంచి పిన్నిగారు లేచి నిలబడ్డారు. గుడిలో ఆమె గొంతు పాటలో తప్ప ఎప్పుడూ విన్నవాళ్లు లేరు.

"ఏవండీ, ఆగకండి" అన్నారు. "మావయ్యగారు కింది వరసలో ఉన్నారు. చదవండి."

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని కింది వరుస దాకా చదివారు, దాని కిందిదీ చదివారు, ఆ గాయాల మాట వచ్చేదాకా చదివి పుస్తకం మూశారు. మా అయ్యగారు ఆ రోజు ప్రసంగం చెయ్యలేదు.